చెట్టు ముందు పెట్టిన ప్రమిద

ఏళ్ల తరబడి నా గుండెల మీద ఒక ప్రమిద ఉంది. అరచేతిలో ఇమిడేంత మట్టి ప్రమిద. దాని బరువు ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. మూడో తరగతితో చదువు ఆగినదాన్ని, నా రాత వంకరగా ఉంటుంది. అయినా నోటితో చెప్పే ధైర్యం లేక రాస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

అప్పుడు ఈ పరాయి దేశంలో, పాపకూర అనే ఊళ్లో అద్దె ఇంట్లో ఉండేవాళ్లం. నా కొడుకు, కోడలు స్వప్న, ఐదేళ్ల మనవరాలు చిన్ని, నేను. మేం క్రైస్తవులం కాదు. కానీ బళ్లో అందరికీ ఉన్న పండగ తనకెందుకు లేదని చిన్ని ఏడ్చింది. కొడుకు నరికిన పైన్ చెట్టొకటి కారు మీద కట్టి తెచ్చి, హాల్లో బకెట్‌లో నిలబెట్టాడు. రోజూ దానికి నీళ్లు పోసే పని చిన్నిది. వారం తిరక్కుండానే నేను మాన్పించాను. వేరు లేని చెట్టుకు నీళ్లెందుకు? కార్పెట్ తడిస్తే ఇంటి ఓనరు ఊరుకుంటాడా? పై కొమ్మలకు చుట్టిన రంగు లైట్లు కూడా కరెంటు దండగని ఆపేసేదాన్ని.

చెట్టు ఎండుతూ వచ్చింది. ఆకులు సూదుల్లా రాలేవి. ఊడ్చి పారేసేదాన్ని. ఆ రాలడం ఏం చెబుతోందో నాకు తెలియలేదు. తెలియలేదా, పట్టించుకోలేదా?

పండగ ముందురోజు సాయంత్రం. మన దగ్గర చలికాలమైతే ఇక్కడ ఎండాకాలం, ఆ వేళకీ ఎండ మండుతూనే ఉంటుంది. ధనుర్మాసం. నా తులసి మొక్క ఇక్కడి జూన్ చలికి ఎప్పుడో పోయింది. దీపం పెట్టుకోవడానికి ఇంట్లో చెట్టంటూ ఉంటే అదొక్కటే. నేను వెక్కిరించిన చెట్టుకే దీపం వెలిగించాను. దాని మొదట్లో ప్రమిద పెట్టి, దణ్ణం పెట్టుకుని, పప్పు చూడ్డానికి వంటింట్లోకి వెళ్లాను. కిటికీ తెరిచే ఉంది.

ముందు చిటపటమని చప్పుడు. తర్వాత వాసన. హాల్లోకి వచ్చేసరికి ప్రమిద మీదికి వాలిన అడుగు కొమ్మ నుంచి మంట పైకి పాకుతోంది. చిన్ని పక్కనే కదలకుండా నిలబడి ఉంది. స్వప్న పరుగున వచ్చి పిల్లను లాగింది. ఆమె చెయ్యి మోచేతి నుంచి మణికట్టు దాకా కాలింది. పక్కింటి తెల్లాయన తోట పైపు తెచ్చి మంట ఆర్పాడు.

ఆ గందరగోళంలో నేనేం చేశానో తెలుసా? మసిలోంచి ప్రమిదను కొంగుతో పట్టి తీసి, సింకు కింద దాచాను. వేళ్లు బొబ్బలెక్కాయి. మంట ఆర్పబోయి కాల్చుకున్నానని అందరూ అనుకున్నారు.

స్వప్నను ఆసుపత్రికి తీసుకెళ్లి వచ్చాక కొడుకు, మంట లైట్ల వల్లే అనుకుని, పిల్లను ముందు నిలబెట్టుకున్నాడు.

"చిన్నీ, లైట్లు నువ్వేశావా?"

"శాంటాకి మన ట్రీ కనపడదని వేశా. నానమ్మ ఆఫ్ చేసేసింది కదా."

"ముట్టుకోవద్దని చెప్పానా లేదా?"

"సారీ డాడీ. మమ్మీ హ్యాండ్ నా వల్లే బర్న్ అయిందా?"

కొడుకు నా వైపు తిరిగాడు. "ఏమ్మా, నువ్వైనా చూళ్లేదా?"

"వంటింట్లో ఉన్నానురా. పసిపిల్ల, పోనీలే" అన్నాను.

పోనీలే అన్నాను. తప్పు దానిదైనట్టు, క్షమించేది నేనైనట్టు. ఎవరి పొరపాటునూ వదిలిపెట్టని మనిషిని, కోడలి ముందు తల దించుకోవాల్సి వస్తుందని ఐదేళ్ల పిల్ల వెనక దాక్కున్నాను.

చిన్నికి ఇప్పుడు పద్నాలుగో ఏడు. మా ఇంటికి మళ్లీ చెట్టు రాలేదు. పొయ్యి వెలిగించమంటే "నన్ను నమ్మొద్దు నానమ్మా" అని నవ్వుతుంది. తల్లి పొట్టి చేతుల చొక్కా వేసుకున్న రోజు కళ్లెత్తదు. డిసెంబర్ వచ్చిందంటే వీధిలో ప్రతి ఇల్లూ మెరుస్తుంది, మా పిల్ల మాత్రం గది గదికీ తిరిగి స్విచ్‌లు ఆపుతుంది.

దానికి తెలుగు అర్థమవుతుంది, చదవడం రాదు. అది తెలిసే ఇలా రాస్తున్నానా? ఇదీ దాచడమేనా? నాకు వచ్చిన అక్షరాలు ఇవేనని సర్దిచెప్పుకుంటున్నాను.

నీళ్లు మాన్పించింది నేను. దీపం పెట్టింది నేను. స్వప్న చెయ్యి కాలింది నా వల్ల. చిన్ని వల్ల కాదు.

రాశాను. కాగితం మడిచాను.

పక్క గదిలో చిన్ని టిక్‌మని స్విచ్ ఆపింది. ఇప్పుడు ఇంకొకటి.