తేగ కొరకలేని నోరు

అది రెండువేల ఆరు, తాటి తేగలొచ్చే చలికాలం. రాజమండ్రిలో ఓ పళ్ళ డాక్టరుగారి దగ్గర ఆయాగా చేస్తున్నానండి. నాకు సంతకం వరకే వచ్చు, నేను చెబుతుంటే మా అమ్మాయి రాస్తోంది. నా పనల్లా నోట్లో పెట్టిన సామాను కడిగి ఆటోక్లేవ్‌లో పెట్టడం. అదో పెద్ద కుక్కరులాంటిది. ఆ ఆవిరికి ఏ పురుగూ బతకదు.

ఓ పొద్దున యానాం వైపు నించి మంగ అనే ఆవిడొచ్చింది. చేపలమ్ముకుంటుంది. దవడ బూరెలా పొంగిపోయింది, వారం నించీ గంజేనంట. చీటీ రాస్తుంటే ఏం దాచకుండా చెప్పేసింది.

"నాకు హెచ్ఐవీ ఉందండి. ముందే చెప్పమని మందులిచ్చే మేడంగారు చెప్పారండి."

మా డాక్టరుగారు చెడ్డవారు కాదు. కానీ పెన్ను కింద పెట్టేశారు. "ఇక్కడ కుదరదమ్మా, ఇంకెక్కడైనా చూపించుకో."

"మూడుచోట్ల తిరిగానండి. ఆ మూడోది ఇదే" అని, కొంగు దవడకి అదుముకుని లేచింది.

మా ఆయనా అలాగే లేచేవాడు. లారీ డ్రైవరు. తేగలంటే ప్రాణం. తేగ చీల్చి, లోపల లేతగా ఉండే చందమామ తీసి నా నోట్లో పెట్టి, గట్టి ముక్క తను నమిలేవాడు. ఆఖరి ఏడు ఆయన పన్ను ముట్టుకోడానికి ఎవరూ ఒప్పుకోలేదు. "ఈసారి చందమామ నాకియ్యవే" అన్నాడు. ఇచ్చాను.

నేను ఆవిణ్ణి గుమ్మం దగ్గర ఆపి డాక్టరుగారి దగ్గరికెళ్ళాను.

"బాబుగారూ, పొద్దున్నించి ఇంతమంది నోట్లో చెయ్యి పెట్టారు. ఎవరికుందో ఎవరికి లేదో మీకు తెలుసాండి?"

"నీ పని చూసుకో."

"నా పనే చెబుతున్నానండి. అందరి సామానూ ఒకేలా ఉడకబెడతాను. మా ఆయన ఆ జబ్బుతోనే పోయాడు. నాకూ ఉంది. మూడేళ్ళ నించీ మీ సామాను నా చేతుల మీదుగానే వస్తోంది."

అనేశాక గానీ గుర్తు రాలేదండి. నేనూ, మా అమ్మాయీ బతికేది ఆ పని మీదే.

"ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"చెప్పినావిణ్ణి పంపించేస్తున్నారు కదండి."

ఆయన తన చేతుల వంక చూసుకున్నారు. "గ్లవ్స్ తీసుకురా. ఆవిణ్ణి కూర్చోబెట్టు" అన్నారు.

ఆ పూట చీము తీసి మాత్రలిచ్చారు. నాలుగో రోజున పన్ను పీకారు. దూది కరుచుకునే మంగ అంది, "చేప ముల్లు తీసినంత సేపు పట్టలేదు. దీనికా డాక్టరుగారూ అంత బెదిరారు!" ఆయన నవ్వేశారు. నన్ను పనిలోంచి తియ్యలేదు.

జబ్బుందని చెప్పినవాళ్ళకి భయపడి, చెప్పనివాళ్ళ దగ్గర ధీమాగా ఉంటే మా పని సాగదండి. ఎవరొచ్చినా కొత్త గ్లవ్సు, అదే ఉడుకు. ఇది మా డాక్టరుగారికి మంగ దయ వల్ల తెలిసింది.

నెల తిరక్కుండా మంగ తేగల కట్ట పట్టుకొచ్చింది. నా ముందే ఒకటి పటుక్కున కొరికింది. నేనోటి చీల్చి, చందమామ తీసి చేత్తో పట్టుకుని కూర్చుండిపోయాను. ఆ నాలుగు మాటలూ మా ఆయన్ని తిప్పిపంపిన రోజున నా నోటికొచ్చుంటే, ఆయన బతికేవాడని కాదు. ఆఖరి తేగ తనే కొరికేవాడు. చందమామ నాకే పెట్టేవాడు.