జనాజా పక్కన వాదించినవాళ్లకు, మా సలీం గురించి

నిన్న పొద్దున ఫోన్ వచ్చింది. సలీం పోయాడని.

"ఏ సలీం?" అని అడిగాను. మా సలీం అనుకోవడానికి మనసు ఒప్పలేదు.

మొన్న సాయంత్రమే వేలూరులో ఇద్దరం టీ తాగాం. నేనే మా ఊరు గుడియాత్తం బస్సు ఎక్కించాను. ఇంటికి వెళ్లి పడుకున్నవాడు లేవలేదు. గుండెపోటట.

ఏడుస్తూ రాయాల్సిన పోస్ట్ ఇది. కోపంతో రాస్తున్నాను. ఇక్కడ తమిళ స్కూళ్లలో చదివి తెలుగు చదవరాని మనవాళ్లకు వాయిస్ నోట్ కూడా పెడతాను. అందరూ వినాలి.

సలీం, నేను స్కూల్లో ఒకే బెంచి. మాది మగ్గాల ఇల్లు. వాళ్ల నాయన ఖాదర్ మామ మా వీధి లుంగీల నూలుకు రంగు వేసేవాడు. వాళ్లింట్లో ఉర్దూ, మాతో మాత్రం మన తెలుగే.

కొన్నేళ్ల కిందట వీడికి దీన్ చదువు, అదే మత చదువు, చదవాలని పట్టుకుంది. మంచిదే. కానీ మొదలుపెట్టింది ఫోన్‌లో. రోజంతా వీడియోలు. తర్వాత ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న, ప్రవక్త మాటలుండే లావుపాటి హదీసు పుస్తకాల సెట్టు, తమిళ అనువాదం. ఎక్కడో మధ్యలో ఒక పేజీ చదివి, వాళ్ల నాయన నమాజులో చేతులు కట్టుకునే తీరే తప్పని తేల్చేశాడు. అదీ చుట్టాల ముందు.

మామ ఆ రోజుతో కొడుకుతో కలిసి నమాజుకు వెళ్లడం మానేశాడు. మరుసటి రోజు నుంచి పక్క వీధి మసీదుకు పోవడం మొదలుపెట్టాడు.

"మీవాడు నాకు నమాజు నేర్పిస్తా ఉండాడు నాయనా" అని నాతో అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఆ ముఖం చూడలేకపోయాను.

తర్వాత సలీం బోలెడు ప్రశ్నలు పట్టుకుని వేలూరులో మత పాఠాలు చెప్పే ఒక ముసలి హజ్రత్ దగ్గరికి వెళ్లాడు. ఆయన ఒక్కదానికీ జవాబు చెప్పలేదట. ఖురాన్‌లో మొదటి సూరా చదవమని, అక్షరం అక్షరానికీ ఆపి దిద్దాడట. చివర్లో ఒకటే అడిగాడట, మీ నాయనతో కలిసి నమాజు చేస్తున్నావా అని.

ఆ సాయంత్రం సలీం పక్క వీధి మసీదుకు వెళ్లి నాయన పక్కన నిలబడ్డాడు. అప్పటినుంచి ప్రతి ఆదివారం వేలూరులో పాఠం.

మా ఆఫీసులో ఒకాయన ఈ చదువు ఎలా మొదలుపెట్టాలని అడిగితే సలీంకే ఫోన్ కలిపాను.

"ముందు ఒక గురువును ఎతుక్కో అప్పా. ఆయన ముందర నోరు తెరిచి చదవాల, తప్పు దిద్దించుకోవాల. మీ ఇంట్లో పెద్దోళ్లు పాటించే పద్ధతి, ఆ మజ్‌హబ్‌లో ఒక చిన్న పుస్తకం పట్టుకో. నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కునే కాడినుంచి మొదలవుతాది. పక్కన కొంచెం అరబీ వ్యాకరణం. అది అయ్యేదాకా పెద్ద పుస్తకాల జోలికి పోవద్దు. ఊరోళ్ల నమాజులో తప్పులు వెతికే పని మనకొద్దు" అన్నాడు.

అలాంటి మనిషికి నిన్న ఏం జరిగిందో చెప్తాను.

మసీదు ముందు సలీం జనాజా పాడె దించారు. మట్టి ఇచ్చాక అందరూ కలిసి చేతులెత్తి పోయినవాడి కోసం దువా ప్రార్థన చేయాలా, కూడదా అని రెండు గుంపులు మొదలుపెట్టాయి. శవం పక్కన. ఒకడు ఫోన్ తీసి ఎవరిదో వీడియో ప్లే చేశాడు. ఇంకొకడు అంతకంటే పెద్ద సౌండ్‌తో ఇంకో వీడియో. కొంచెమైనా సిగ్గుండాలి కదా. కన్న తండ్రి అక్కడే కూర్చుని ఉన్నాడు. నేను హిందువును, నోరెత్తితే గొడవ ఇంకో దారి పడుతుందని పళ్లు బిగబట్టి నిలబడ్డాను.

వీడియోలు ప్లే చేసిన మీరిద్దరూ రాత్రి సలీం ఫోటో స్టేటస్ పెట్టారు. చూశాను. తీసేయండి.

ఆ గొడవ మధ్యలోనే ఖాదర్ మామ లేచాడు. ఉర్దూలో అన్నాడు, మనవాళ్ల కోసం తెలుగులో రాస్తున్నాను.

"చదువు మొదలుపెట్టినాక నా కొడుకు నాతో వాదించడం మానేశాడు. మీరింకా మొదలుపెట్టలేదు. పక్కకు జరగండి, వాడిని మోయాలి."

జరిగారు.

పోయి రా సలీం. అక్కడైనా ఎవరి గోలా లేకుండా చల్లగా నిద్రపో.