పోలెలు పంచిన రోజు

మహారాష్ట్రలో ఉన్నా తెలుగు మాట్లాడే మా సిరోంచలో పసిబిడ్డ మొదటిసారి బోర్లాపడితే ఇంట్లో పోలెలు, అదే బొబ్బట్లు, చేసి వాడంతా పంచుతారు. ఉడికిన శనగపప్పు, బెల్లం వాసన వచ్చిందంటే ఎవరింట్లోనో బిడ్డ బోర్లాపడిందని తెలిసిపోతుంది. ఎవరి పిల్లకు ఎన్నో నెల నడుస్తోందో మా వాడలో కన్నతల్లులకన్నా పక్కింటివాళ్లకే బాగా గుర్తు. నా కూతురి ఈడు పిల్లలందరి పోలెలూ నేను తిన్నాను. మా పొయ్యి మీదికి మాత్రం పప్పు ఎక్కలేదు.

నా బిడ్డ వెల్లకిలా పడుకుని పైకప్పుకేసి చూస్తూ ఉండేది. మెడ నిలవలేదు. పిడికిళ్లు ఎప్పటికోగానీ విచ్చుకోలేదు. వెనకింటి మేకపిల్ల పుట్టిన పూటే లేచి, పడి, మళ్లీ లేచి తల్లి పొదుగు వెతుక్కుంటే, ఆ నోరులేని జీవి మీద కూడా నాకు కుళ్లు పుట్టింది. బడిలో పాఠాలు చెప్పి ఇంటికి రాగానే, చెప్పులు విడవకముందే, ఇవాళేమైనా కదిలిందా అని అడిగేదాన్ని. అత్తమ్మ తల అడ్డంగా ఊపేది. నేను స్నానాల గదిలోకి వెళ్లి నల్లా విప్పుకుని ఏడ్చేదాన్ని. నీళ్ల చప్పుడులో ఎవరికీ వినబడదనుకున్నాను.

ఒక సాయంత్రం వచ్చేసరికి ఇంటినిండా ఆడవాళ్లు, అందరి చేతుల్లో పోలెలు. నా బిడ్డ చెంప చాపకు ఆనించి బోర్లా పడుకుని ఉంది. అత్తమ్మ నా నోట్లో ఒక తునక పెట్టింది. అంత తీపి నేనెన్నడూ తినలేదు. మిగిలినవి మర్నాడు బడిలో కూడా పంచాను.

ఆ వారంలోనే బిడ్డ మెడ చూపించడానికి గడ్చిరోలి దవాఖానకు వెళ్లాం. పిల్ల బోర్లా పడుతుందా అని డాక్టరు మరాఠీలో అడిగాడు. పడుతుందని గర్వంగా చెప్పాను. అంతలో అత్తమ్మ నా చేయి పట్టుకుంది.

"లేదు బిడ్డా. ఆ దినం నేనే తిప్పిన. నువ్వు ఏడ్సుడు ఇనలేక తిప్పిన. సారుకు నిజం చెప్పు."

డాక్టరుకు తెలుగు రాదు. ఆ మాటను మరాఠీలో నేనే చెప్పవలసి వచ్చింది. తనంతట తాను తిరగడం ఈ బిడ్డకు కష్టమేనని ఆయన మెల్లగా చెప్పాడు. తిరుగు బస్సులో అత్తమ్మ పక్కన చోటున్నా, బిడ్డనెత్తుకుని వేరే సీట్లో కూర్చున్నాను.

ఇప్పుడు నా కూతురు పొడుగైంది, బరువైంది. ఒకే పక్కన ఉంచితే ఒళ్లు పుండ్లు పడుతుంది. అందుకే నేను భుజాలు, అత్తమ్మ నడుము పట్టుకుని ఇద్దరం కలిసి తిప్పుతాం. తిప్పిన ప్రతిసారీ అత్తమ్మ "మంచిగ తిరిగినవ్ బిడ్డా" అంటుంది. అట్లా అనొద్దని మొదట్లో కసురుకునేదాన్ని. ఈమధ్య నేనూ అంటున్నాను.