పిట్లం బస్సులో రెండు సీట్లు

స్నేహితుడి ఊళ్లో కొత్త చర్చి ప్రతిష్ఠకని ఏలూరు నుంచి బయల్దేరి, బాన్సువాడ బస్టాండులో పిట్లం బస్సు కోసం నిలబడ్డాను. నా చంకలోని జిప్పు బైబిలు చూసి, తనూ ఆ బస్సుకేనంటూ ఒక అవ్వ దగ్గరికొచ్చింది.

"అయ్యగారూ, రేపు మా మనుమరాలికి పరీక్ష ఉంది. జర ప్రార్థన చెయ్యున్రి."

నేను పాస్టర్ని కాదని, సండే స్కూల్లో పిల్లలకు కథలు చెప్పేవాణ్ణని అన్నాను.

"గంత పెద్ద బైబిల్ పట్టుకొని గట్లంటే ఎట్ల?" అని తలమీద కొంగు కప్పుకుని తల వంచేసింది.

ఇక తప్పలేదు. నేను ప్రార్థన మొదలుపెడితే మా సంఘంలో ముసలివాళ్లు ముందే కుర్చీలు వెతుక్కుంటారు. కళ్లు మూసుకుని, మనుమరాలి జ్ఞాపకశక్తితో మొదలుపెట్టి, పేపర్లు దిద్దే మాస్టారి మనసు దాకా వెళ్లాను. మాట మాటకీ పక్కనుంచి "స్తోత్రం" వినబడుతూనే ఉంది. కాసేపటికి ఆ స్తోత్రాలు కాస్త దూరం నుంచి, కాస్త ఎత్తు నుంచి రాసాగాయి.

ఆమెన్ అని కళ్లు తెరిస్తే ఎదురుగా కిక్కిరిసిన పిట్లం బస్సు. కిటికీ పక్క సీట్లో అవ్వ. ఆ పక్క సీట్లో నాకోసం ఆమె చేతిసంచి.

మా వైపు ఆమెన్ అనేదాకా ఎవరూ కన్ను తెరవరు. లోపలికి దూరి కూర్చుంటూ, "ప్రార్థన మధ్యలో వచ్చేశావేంటవ్వా?" అన్నాను కాస్త నొచ్చుకుని.

"మెలకువగ ఉండి ప్రార్థన చెయ్యమని ప్రభువే చెప్పిండు గద," అంది అవ్వ, సంచి ఒళ్లోకి తీసుకుంటూ. "ప్రార్థన మీరు చేసిన్రు. మెలకువగ నేనున్న."