మిరప పొగకు మూతపడిన లాడ్జి

పరువు కోసం ప్రాణాలిచ్చినవాళ్లను నేను చూడలేదు గానీ, పరువు కోసం ఇతరుల కూడు తీసేసినవాణ్ణి మాత్రం దగ్గరగా చూశాను. ఎనభైల్లో గుంటూరు శివార్లలో ఆయన లాడ్జికి నేను గుమస్తాని. కింద భోజన హోటలు, పైన గదులు. మిరపకాయలు అమ్ముకోవడానికి వచ్చిన రైతులు అక్కడ దిగేవారు. వెనకంతా పత్తి చేలు. ఏటా ఎండాకాలం పత్తికట్టె తగలబెట్టేవారు. గాలి తిరిగితే మంట ఎటు పోతుందో ఎవరికీ తెలియదు.

ఆ భయమే చూపించి ఒక ఏజెంటు ఆయన చేత రెండు ఇన్సూరెన్సు పాలసీలు కట్టించాడు. ఒకటి అగ్నిప్రమాదానికి. రెండోది, నిప్పు వల్ల లాడ్జి మూతపడితే ఆ రోజుల్లో పోయిన లాభం, మా జీతాలతో సహా కంపెనీ ఇచ్చేటట్టు. లాడ్జి ఆస్తిలో ఏదో ఒకటి కాలితేనే రెండోది పనిచేస్తుందని ఏజెంటు విడమరిచి చెప్పాడు. ఓనరు తల ఊపాడు. తల ఊపడం ఆయనకు బాగా వచ్చు, వినడమే రాదు.

ఒక వేసవి మధ్యాహ్నం అనుకున్నంతా అయింది. చేలో మంట పక్కనే మిరపకాయలు ఆరబోసిన కల్లానికి అంటుకుంది. మా పెరట్లో వంటచెరకు దాచుకునే పాక కూడా కాలిపోయింది. లాడ్జి గోడలకు మంట తగల్లేదు గానీ, కాలిన మిరపకాయల ఘాటు ఎవరినీ నిలవనివ్వలేదు. దిగినవాళ్లు కళ్లు తుడుచుకుంటూ, దగ్గుకుంటూ సంచులతో రోడ్డున పడ్డారు. పరుపులు ఎంత ఎండేసినా ఘాటు పోలేదు. లాడ్జి మూసేశాం.

వంటమాస్టరూ ఆయన భార్యా ఇద్దరూ మా వంటింట్లోనే పని. అక్కడ పొయ్యి ఆరితే వాళ్లింట్లోనూ ఆరినట్టే. పాక కాలింది కనుక ఇన్సూరెన్సు వస్తుంది, జీతాలకు ఢోకా లేదని వాళ్లకు ధైర్యం చెప్పాను.

ఓనరు బాధ వేరు. లాడ్జి బూడిదైపోయిందని ఎదురు లాడ్జివాడు ఊరంతా చెబుతున్నాడట. ఈయనకు తల కొట్టేసినట్టయింది. మర్నాడే పాక వాసాలు పీకించి, మసి పట్టిన పెరటి గోడకు సున్నం కొట్టించాడు. నష్టం లెక్కగట్టడానికి ఇన్సూరెన్సు కంపెనీ సర్వేయరు వచ్చి చూసేదాకా ఉంచండి అంటే నన్ను పిరికివాడన్నాడు. పైగా రిక్షాకు మైకు కట్టించి, తన లాడ్జి చెక్కుచెదరలేదని బజారంతా చెప్పించాడు.

ఇస్త్రీ మడత నలగని చొక్కాతో సర్వేయరు వచ్చాడు. కుర్చీ తుడిపించుకుని కూర్చున్నాడు. బయట మైకు మోగుతూనే ఉంది. వేడుక చూడ్డానికి ఎదురు లాడ్జివాడు మా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. ఏం కాలిందని సర్వేయరు అడిగాడు.

"వెనక పాక కాలిందండి. రండి, చూపిస్తాను," అన్నాను.

ఓనరు గుమ్మం వైపు చూసి మీసం మీద చెయ్యి వేశాడు.

"నువ్వూరుకోవయ్యా. పాకా లేదు గీకా లేదు. మా లాడ్జికి ఏమీ కాలేదండి. ఎవడన్నాడు కాలిందని?"

సర్వేయరు సంతోషంగా పెన్నుకు మూత పెట్టాడు. పెరట్లోకి తొంగిచూస్తే చాలు, సున్నం కింద మసి కనిపించేది. ఆ మాత్రం లేవడానికి ఆయనకు ఒళ్లు బరువు. కాఫీ తాగి వెళ్లిపోయాడు. ఏమీ కాలలేదు కనుక మూతపడినందుకూ ఏమీ రాదని కంపెనీ తేల్చేసింది.

ఓనరుకు మాగాణి ఉంది, ఆయన తిండికి లోటు లేదు. వంటింటివాళ్లను మాత్రం ఇక రావద్దన్నాడు. ఆయన మీద నాకు ఆ రోజు పుట్టిన అసహ్యం ఇప్పటికీ తగ్గలేదు. వంటమాస్టరు వాకిట్లో ఆయన ఎదురుగా నిలబడి అడిగాడు.

"లాడ్జికి ఏమీ కాలేదన్నారు కదండీ. మరి మమ్మల్నెందుకు పొమ్మంటున్నారు?"

ఓనరు రోడ్డు అవతలికి ఒకసారి చూసి గొంతు తగ్గించాడు.

"మెల్లగా మాట్లాడవయ్యా. అటువాళ్లు వింటారు."