బర్మా నక్షత్రం

డిసెంబరు రాగానే గుంటూరు బ్రాడీపేట కొట్ల ముందు కాగితం నక్షత్రాలు వేలాడతాయి. అవి చూస్తే నాకు మా ఇంటి ఇత్తడి నక్షత్రం గుర్తొస్తుంది.

మా తాత బర్మా యుద్ధంలో చనిపోయాక సర్కారు పంపిన పతకం అది. నాయనమ్మ ఏటా క్రిస్మస్‌కి దాన్ని చింతపండుతో తోమి గుమ్మానికి కట్టేది. బాలయేసు కోసం నక్షత్రాన్ని చూసి బయలుదేరిన తూర్పు దేశపు జ్ఞానుల్లో తాత కూడా ఉన్నాడని నేను నమ్మేదాన్ని.

తొంభైల చివర, నాకు ఏడెనిమిదేళ్లప్పుడు, మేం మిరప కల్లంలో తాలుకాయలు ఏరుతుంటే గుంటూరు నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. తాత పనిచేసిన బెటాలియన్ చరిత్ర రాస్తున్నాడట, పతకాలు పోగుచేస్తున్నాడట.

"మా ఆయన్ని ఎక్కడ పూడ్చారు బాబూ?" అని అడిగింది నాయనమ్మ.

"పేరేంటమ్మా?"

"పటాలంలో వెంకయ్య అని రాయించాడు. బాప్తిస్మం పేరు యాకోబు."

"వెంకయ్య అంటే హిందువనుకుని కాల్చేసుంటార్లే" అంటూ ఆయన పతకాన్ని తిప్పి చూసుకున్నాడు.

కడబూర మోగి చచ్చినవాళ్లంతా లేచే రోజున కాలిపోయినవాడు ఎలా లేస్తాడని నాయనమ్మ బెంగ. "ఇంకెందుకిది, తీసుకుపో" అంది. పతకం తాతకే ఇస్తాడనుకుని, "అయ్యా, తాతని క్రిస్మస్‌కి రమ్మను!" అని ఆయన వెనక కేకేశాను నేను.

తాత కాలిపోయాడనే ఏడుస్తూ కన్నుమూసింది నాయనమ్మ.

ముప్పై దాటాక అక్షరాలు నేర్చుకుని, ఆ పెద్దమనిషి పుస్తకం కూడబలుక్కుంటూ చదివాను. చనిపోయిన సిపాయిల్లో ఎవరిని పూడ్చారో, ఎవరిని కాల్చారో తనకు తెలియలేదని అందులో ఆయనే రాశాడు. ఆ మాట కల్లంలో మా నాయనమ్మతో అనడానికి ఆయనకు నోరు రాలేదు.