శైలజ స్కర్టు మీది మూడు గీతలు

1990లో కువైట్‌లోని ఫహాహీల్ బజారులో నాకొక స్కూల్ యూనిఫారం అంగడి ఉండేది. లైసెన్సు కఫీల్ అనే కువైటీ పూచీదారు పేరు మీద, నోరు మాత్రం నాది. ప్రొద్దుటూరులో మా నాయన బట్టల కొట్లో పాకుతూ పెరిగినవాణ్ణి. మాటలూ బేరమూ నాకు ఒకేసారి వచ్చాయి. జ్వరమొచ్చి డాక్టరు దగ్గరికి పోతే, ఐదు రోజుల మాత్రలు మూడు రోజులకు తగ్గించమని అడిగిన ఘనుణ్ణి.

యూనిఫారం వ్యాపారంలో మార్జిన్ అని ఒకటుంటుంది. పిల్లలు ఎదుగుతారు కాబట్టి స్కర్టు అంచును లోపలికి నాలుగు అంగుళాలు మడిచి కుట్టిస్తాం. ఏడాదికోసారి ఆ మడత కొంచెం విప్పుకుంటే అదే స్కర్టు పొడుగవుతుంది. "మూడేళ్లు ఢోకా లేదమ్మా" అని చెప్పి పక్క అంగడి కంటే ఒక మెట్టు పైధరకే అమ్మేవాణ్ణి. చెప్పనిది ఒకటుంది. మడత విప్పిన చోట పాత అంచు గీతలా ఉండిపోతుంది. ఎంత ఉతికినా, ఎంత ఇస్త్రీ చేసినా పోదు.

ఆ స్కర్టు కొన్నవాళ్లలో ఓబులమ్మ ఒకరు. రాజంపేట దిక్కు మనిషి, స్కూల్లో ఆయా. భర్త ఒక కువైటీ ఇంట్లో డ్రైవరు. వాళ్ల కూతురు శైలజ అదే స్కూల్లో తొమ్మిదో తరగతి. ఓబులమ్మ నన్ను అన్నా అనేది కాబట్టి ఆ పిల్లకు నేను మామను.

జూన్‌లో, సెలవులకు ఇంకో వారం ఉందనగా, శైలజ ఒక్కతే అంగడికి వచ్చింది.

"మామా, ఈ గీతలు పోయే ఉపాయమేమన్నా ఉందా?"

"వాటికేమైంది పాపా?"

"మూడుండాయి. నేను నడుస్తాంటే ఎనక నుంచి ఎంచుతారు. వన్, టూ, త్రీ అని. కింద అంచుతో కలిపి నాలుగంట. చిన్నపిల్లోళ్లు రాసే ఫోర్‌లైన్ కాపీ అని పేరు పెట్నారు."

"ఎవురు?"

"ముందు ఇద్దరే. ఇప్పుడు క్లాసంతా. సునీత కూడా."

సునీతది వీళ్ల బిల్డింగులోనే పై ఫ్లాటు. రెండో తరగతి నుంచి ఇద్దరూ ఒకే బెంచీ. "తను నవ్వకపోతే తననీ ఎంచుతారు గదా మామా" అని శైలజే ఆ పిల్లను వెనకేసుకొచ్చింది. ఇప్పుడు సునీత బెంచీ మారింది. శైలజ మధ్యాహ్నం పూట చీపుళ్లు పెట్టే గదిలో, వాళ్లమ్మ స్టూలు మీద కూర్చుని తింటోంది.

నేనేమో వేరే గిరాకీతో ఉన్నాను. పైగా నా సరుకుకు వంక పెడితే నాకు చెవులు మూసుకుపోతాయి. "గీతలెవరు చూస్తారు పాపా, మార్కులు చూస్తారు గానీ" అని నవ్వేశాను. ఆ పిల్ల బ్యాగును గీతల మీదికి జరుపుకుని వెళ్లిపోయింది.

ఆగస్టు రెండున ఇరాక్ సైన్యం వచ్చింది. కఫీళ్లు చాలామంది సౌదీకి తరలిపోయారు. శైలజ నాయన కఫీల్ కూడా పోయాడు, తన దగ్గర ఉంచుకున్న డ్రైవరు పాస్‌పోర్టు ఎక్కడ పెట్టాడో చెప్పకుండానే. నేను షట్టర్ సగం దించుకుని, కొత్త యూనిఫారాల మధ్య కూర్చునేవాణ్ణి. రోజంతా ఒక్క మనిషి వచ్చేవాడు కాదు. నాతో నేనే ధర చెప్పుకుని, నేనే తగ్గించుకునేవాణ్ణి.

నెలాఖరుకు మనవాళ్ల కోసం బస్సులు పెట్టారు. ఇరాక్‌లోని బస్రా, బాగ్దాద్ మీదుగా జోర్డాన్‌లోని అమ్మాన్, అక్కడి నుంచి విమానం. ఓబులమ్మ పరుగెత్తుకుంటూ వచ్చింది.

"అన్నా, ఆయన కాగితాలు వచ్చేదాకా నేను కదల్లేను. పాపనన్నా పంపిద్దామంటే పోనంటాంది. ఎల్లుండి బిల్డింగోళ్లంతా పోతాండారు. మళ్లీ బస్సు ఉంటాదో లేదో. నువ్వు మాటకారివి, రాయినైనా ఒప్పిస్తావు."

పోయాను. శైలజ గోడకానుకుని కూర్చుని ఉంది.

"కిటికీ సీటు ఇప్పిస్తా పాపా."

"ఆ బస్సులో వాళ్లే ఉంటారు మామా. నీళ్లకు దిగినా వాళ్లే, అన్నానికి నిలబడినా వాళ్లే."

"బయట ట్యాంకులు తిరుగుతాంటే గీతలెవరు చూస్తారు?"

"అప్పుడూ ఇదే చెప్పినావు."

"కొత్త డ్రెస్సు ఇస్తా. ఊరికే." ఊరికే అన్న మాట నా నోటి నుంచి రావడం అదే మొదలు.

"డ్రెస్సు మారిస్తే పేరు మారుతుందా? ఈడనే ఉంటా. ఈడ నన్ను చూసి నవ్వేవాళ్లు లేరు."

వీధిలో తుపాకీ మోతలు వినిపిస్తున్న ఊరు ఆ పిల్లకు ఒక బస్సు కంటే నయంగా ఉంది. నా దగ్గరున్న మాటలన్నీ అయిపోయాయి. మిగిలింది నిజమొక్కటే.

"పాపా, ఆ గీత పడుతుందని నాకు ముందే తెలుసు. తెలిసే అమ్మినా."

శైలజ తలెత్తి నా మొహంలోకి చూసింది.

"బస్సులో నా పక్కన ఎవురు కూచుంటారు?"

"నేను కూచుంటా. బస్రా దాకా." నిజానికి నాకు పోయే ఆలోచనే లేదు. అంగడి నిండా సరుకుంది. బస్రాలో దిగి ఏదో బండి పట్టుకుని వెనక్కి రావచ్చనుకున్నాను.

"అమ్మాన్ దాకా."

"బాగ్దాద్."

"అమ్మాన్ దాకా మామా."

గొంతు పెంచలేదు. మాటా తగ్గించలేదు. ఎదుటి మనిషికి ఇక తగ్గే చోటు లేదని బేరగాడికి తెలిసిపోతుంది. "సరే" అన్నాను.

బస్సులో సునీత మాకు మూడు వరసల ముందు కూర్చుంది. ఆ దారిలో ఎవరూ గీతలు ఎంచలేదు. ఎవరూ పలకరించనూ లేదు. ఒకచోట ఆపినప్పుడు సునీత నీళ్ల బాటిల్ పట్టుకుని మా సీటు వైపు రెండడుగులు వేసింది. మిగతా పిల్లలు చూస్తున్నారేమోనని వెనక్కి తిరిగి చూసింది. చూస్తున్నారు. అట్లాగే తన సీటుకు వెళ్లిపోయింది. శైలజ కిటికీలోంచి ఇసుకను చూస్తూ ఉండిపోయింది.

బస్రాలో అడిగింది. "దిగుతాండావా?"

"లేదు."

బాగ్దాద్‌లోనూ అడిగింది. లేదన్నాను. ఆ తర్వాత అడగలేదు. నిద్రపోయింది.

రాజంపేటలో వాళ్ల అవ్వకు అప్పగించాను. రెండు నెలలకు ఓబులమ్మా, భర్తా క్షేమంగా చేరారు. యుద్ధం ముగిశాక నేను తిరిగి పోయేసరికి అంగడిలో హ్యాంగర్లు కూడా మిగల్లేదు. మళ్లీ మొదలుపెట్టాను.

ఇప్పటికీ మార్జిన్ పెట్టే కుట్టిస్తాను. గీత పడుతుందని ముందే చెప్పి, దాన్ని కప్పేలా ఒక పట్టీ కుట్టిస్తాను. అది గుడ్డకు మాత్రమే మందని నాకు తెలుసు. అందుకే కొలతకు వచ్చిన ప్రతి పిల్లనూ, టేపు నడుముకు చుడుతూ, ఊసుపోకకన్నట్టు అడుగుతాను. "క్లాసులో నీ పక్కన ఎవరు కూచుంటారు?"

జవాబు టక్కున వస్తే రసీదు రాస్తాను. రాకపోతే, ఎంత పెద్ద గిరాకీ నిలబడి ఉన్నా సరే, స్టూలు జరిపి ఆ పిల్ల పక్కన నేను కూర్చుంటాను.